సాహెల్ వానల లెక్క: కొన్ని అపోహలు, వాస్తవాలు

పశ్చిమ ఆఫ్రికా వాన రికార్డులతో నా పని అనగానే "అక్కడ వానలెక్కడివి?" అంటారు. సహారాకు దక్షిణాన, సెనెగల్ నుంచి నైజర్, చాద్ మీదుగా సాగే సాహెల్‌లో జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానాకాలమే. సజ్జ, జొన్న, అలసంద అన్నీ ఆ నాలుగు నెలల మీదే ఆధారం.

అపోహ: సాహెల్‌లో ఏటేటా వానలు తగ్గుతూనే ఉన్నాయి.

వాస్తవం: ఏ ఏడాది నుంచి లెక్కేశారని ముందు అడగండి. 1950లలో అక్కడ వానలు దండిగా పడ్డాయి. 1960ల చివర్లో కరువు మొదలైంది, 1983, 84లలో మరీ ముదిరింది. 1990ల నుంచి కొంత కోలుకున్నాయి కానీ పాత స్థాయి రాలేదు. అందుకే 1950 నుంచి గీత గీస్తే కిందికి దిగుతుంది, 1981 నుంచి గీస్తే పైకి లేస్తుంది. ఉపగ్రహాల సమాచారంతో తయారైన చిర్ప్స్ డేటా 1981 నుంచే దొరుకుతుంది, అంటే కరువు నడిమధ్యలో మొదలవుతుంది. దాన్ని డౌన్‌లోడ్ చేసుకుని, మాన్-కెండాల్ పరీక్ష (అంకెలు ఏళ్ల తరబడి పెరుగుతున్నాయా, తగ్గుతున్నాయా అని చూసే గణాంక పద్ధతి) పెట్టి "వానలు పెరుగుతున్నాయి" అని తేల్చేస్తే పరీక్షలో తప్పేం ఉండదు, మొదలుపెట్టిన చోటే తేడా. 1950ల నాటి వర్షమాపకాల రికార్డు కొన్ని కేంద్రాలదైనా పక్కన లేకుండా నేనైతే ట్రెండ్ మాట ఎత్తను.

అపోహ: పశువుల్ని అతిగా మేపి కరువు తెచ్చుకున్నారు.

వాస్తవం: బోడి నేల ఎండను ఎక్కువగా తిప్పికొడుతుందని, దాంతో వానలు తగ్గుతాయని 1975లో వాతావరణ శాస్త్రవేత్త జూల్ చార్నీ ప్రతిపాదించారు. నేల పాత్ర కొంత ఉంది, కాదనను. కానీ ప్రధాన కారణం సముద్రాల ఉష్ణోగ్రతల్లో మార్పని తర్వాతి పరిశోధనలు చూపించాయి. యూరప్, ఉత్తర అమెరికా ఫ్యాక్టరీల సల్ఫేట్ కాలుష్యం ఉత్తర అట్లాంటిక్‌ను చల్లబరచడం కూడా అందులో ఒక భాగం. అయినా నింద మాత్రం ఇంకా పశువుల కాపరి మీదే!

అపోహ: ఏడాది వాన సగటుకు చేరితే రైతు గట్టెక్కినట్టే.

వాస్తవం: అక్కడ ముసురు పట్టి రోజంతా కురవడం అరుదు. తూర్పు నుంచి దూసుకొచ్చే గాలివానలే ఎక్కువ. ముందు దుమ్ము లేస్తుంది, వెనకే కుండపోత. 2009 సెప్టెంబరు 1న బుర్కినా ఫాసో రాజధాని ఒవాగడూగోలో ఒక్కరోజే 263 మిల్లీమీటర్లు పడింది, ఏడాది వానలో దాదాపు మూడో వంతు. ఊరు మునిగినా ఏడాది మొత్తంలో అది మంచి అంకెలాగే కనిపిస్తుంది. తొలకరికి సజ్జ విత్తాక రెండు వారాలు బెట్ట పెడితే మొలక మాడిపోతుంది, మళ్లీ విత్తనం కొనాలి. ఈ నష్టం రోజువారీ రికార్డులో తప్ప ఎక్కడా కనబడదు. అందులోనూ ఒక చిక్కుంది: రికార్డు రాయని రోజును ఖాళీగా వదలకుండా సున్నా వేస్తే, లేని బెట్ట పుట్టుకొస్తుంది.

అపోహ: పశ్చిమ ఆఫ్రికా అంతటికీ ఒకటే వానాకాలం.

వాస్తవం: తీరాన ఉన్న అక్రా (ఘనా), అబిజాన్ (ఐవరీ కోస్ట్) నగరాల్లో ఏడాదికి రెండు వానాకాలాలు. సాహెల్‌లో జోరుగా కురిసే ఆగస్టులో అక్కడ తెరిపి. రెండింటినీ కలిపి తీసిన సగటు ఏ రైతుకూ పనికిరాదు.