"మనసు బాగుపడ్డాక చూద్దాంలే" అనేవాళ్ళ కోసం: అపోహలు - వాస్తవాలు

నెల్లూరులో కౌన్సెలింగ్ చేస్తా నేను. ఈ వారంలోనే నలుగురు ఒకటే మాట అన్నారు, "మనసు కుదుటపడితే మొక్కలకి నీళ్ళు పోసుకుంటా మేడం, ఇప్పుడు అయ్యన్నీ ఎందుకు" అని. డిప్రెషన్‌లో ఉండేవాళ్ళని ఎక్కువ ముంచే అపోహ ఇదే, అందుకే మళ్ళీ రాస్తుండా.

జరిగేది దీనికి తలకిందులుగా ఉంటది. బాధగా ఉందని వాకింగ్ మానేస్తాం, పక్కింటామెతో మాటలు మానేస్తాం, మానేసేకొద్దీ మనసుకి తగిలే మంచి ఏదీ ఉండదు, ఇంకా కుంగిపోద్ది, ఇంకోటి మానేస్తాం. మూడ్ కోసం కూర్చోవద్దు, టైమ్ పెట్టుకోండి. ఐదున్నరకి టీ తాగి పెన్నా గట్టు దాకా అని రాసుకుంటే, మనసు ఒప్పినా ఒప్పకపోయినా నడవడమే. 1970ల్లో అమెరికాలో లూయిన్సన్ అనే సైకాలజిస్టు, ఆయన తోటాయన కలిసి 320 చిన్న సంతోషాల లిస్టు తయారుచేశారు, మేం చేయించే బిహేవియరల్ యాక్టివేషన్‌కి, అంటే మూడ్ కోసం చూడకుండా ముందు పని మొదలుపెట్టించే పద్ధతికి, మూలాల్లో అదొకటి.

ఎపిక్యురస్ అనే పాతకాలపు గ్రీకు తత్వవేత్త అంటే తిని తాగి తిరగమన్నోడు అనేది ఇంకో పుకారు. ఏథెన్స్‌లో ఒక తోటలో స్నేహితులతో రొట్టె, నీళ్ళతో బతికిన మనిషి ఆయన, చిన్న కుండలో చీజ్ పంపితే అదే నాకు విందు అని రాసుకున్నాడు. క్రీ.పూ. 270లో మూత్రం బిగిసి ప్రాణం పోయే నొప్పిలో కూడా, మన పాత కబుర్లు తలుచుకుంటే హాయిగా ఉందని ఫ్రెండుకి ఉత్తరం పెట్టాడు. నొప్పి తగ్గేదాకా ఆగలా.

డబ్బొస్తే అన్నీ బాగుంటాయా? 1978లో లాటరీ తగిలిన 22 మందిని అడిగితే టిఫిన్, కబుర్లు లాంటి రోజువారీ వాటిలో మామూలోళ్ళకంటే తక్కువ ఆనందం దొరుకుతుందన్నారు.

మొక్కలతోనే సరిపోద్దని అనడంలా. రెండు వారాలు దేనిమీదా ఆశ లేకపోయినా, చావాలనిపించినా వెంటనే డాక్టర్ దగ్గరికి పొండి, మనసు బాధలకి గవర్నమెంటు హెల్ప్‌లైన్ టెలి మానస్ ఉంది, 14416కి ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు.

మా నాయన పోయినాక అమ్మ ఆర్నెల్లు సరిగ్గా తినలా. ఒకరోజు మామిడికాయేసిన చేపల పులుసు, ముందురోజుది, రెండోసారి పోయించుకుని తింటా తింటా ఏడ్చేసింది, "ఆయన లేకుండా నోటికి రుచి తెలస్తుండాది, తప్పు కదమ్మా" అని. తప్పు కాదమ్మా అని గిన్నె దగ్గరికి జరిపా. ఇప్పుడు శనివారం రాత్రే ఫోన్ చేసి అడుగుద్ది, చేపలు ఏం తెస్తుండావు అని.