క్వారీ విస్తరణ: ఊరిని అడగకుండా గడిచిన ఏళ్లు

ఉత్తర తెలంగాణలో ఏదో ఒక క్వారీ తన లీజు విస్తీర్ణాన్నో, ఏటా తీసే రాయి పరిమాణాన్నో పెంచుకునేందుకు దరఖాస్తు పెట్టుకోవడం, ప్రజాభిప్రాయ సేకరణకు తేదీ ప్రకటించడం, ఆ రోజు శామియానా కింద మాటామాటా పెరగడం ఇప్పుడు మామూలైపోయింది. ఎన్నో ఏళ్లుగా అన్ని అనుమతులతో నడుస్తున్న క్వారీకి మరికొంత చేర్చడమే తమ ప్రతిపాదన అని యాజమాన్యం చెబుతుంది. చేర్చబోయేది తర్వాత మాట్లాడదాం, ఉన్నదాని సంగతి ముందు తేల్చండి అని ఊరివాళ్లు పట్టుబడతారు. సభ జరుగుతున్నది విస్తరణ మీద కాబట్టి ఊరివాళ్ల మాట విషయాంతరంలా వినిపిస్తుంది. కానీ అది విషయాంతరం కాదు. రెండు పక్షాలూ ఒకే గుట్ట గురించి మాట్లాడుతున్నా, లెక్క మొదలుపెట్టే సంవత్సరం వేరు.

కరీంనగర్ టాన్‌బ్రౌన్ రాయి కాకినాడ రేవు మీదుగా విదేశాలకు వెళ్లిన కథ, హనుమకొండ, వరంగల్ చుట్టూ కంకర క్రషర్లు పెరిగిన తీరు ఇక్కడి పాఠకులకు కొత్తగా చెప్పనక్కర్లేదు. నేటి గొడవ అర్థం కావడానికి చూడవలసింది 2012 నుంచి 2018 వరకు నడిచిన వ్యవహారాన్ని, అందులోనూ 2016 జనవరిలో వచ్చిన ఒక నోటిఫికేషన్‌ను.

అంతకుముందు సంగతి రెండు మాటల్లో చెప్పుకోవచ్చు. పర్యావరణ అనుమతికి ముందు స్థానికుల అభిప్రాయం వినాలన్న నిబంధన 1997 ఏప్రిల్‌లో తప్పనిసరి అయింది. 2006 సెప్టెంబరు 14న వచ్చిన కొత్త నోటిఫికేషన్ ఆ విధానాన్ని విస్తరించింది. అయితే గ్రానైట్, కంకర రాయి వంటివి చట్టం లెక్కలో చిన్న ఖనిజాలు. 1957 నాటి గనుల చట్టం వాటిపై నియమాలు చేసే అధికారాన్ని రాష్ట్రాలకే వదిలింది, మన దగ్గర ఉమ్మడి రాష్ట్రం నుంచి వచ్చిన 1966 నాటి నియమాలే ఆధారమయ్యాయి. 2006 నోటిఫికేషన్ కూడా 5 హెక్టార్లకు లోపు లీజులను తన పరిధి నుంచి తప్పించింది. 5 హెక్టార్లంటే మన కొలతలో 12 ఎకరాల 14 గుంటలు. ఆ గీతకు కాస్త ఇవతల ఆగిన లీజు దారుకు పర్యావరణ అనుమతి అవసరం లేదు, కనుక సభా లేదు, నివేదికా లేదు. ఒకే గుట్టను ముక్కలుగా చేసి లీజులకిస్తే ఎంత పెద్ద గుట్టయినా ఆ గీత దాటకుండానే కరిగిపోతుంది.

ఈ కిటుకు మన ఒక్కరిదే కాదు. హర్యానాలో 2011లో 5 హెక్టార్లకు తక్కువగా విడగొట్టి వేలానికి పెట్టిన చిన్న ఖనిజాల లీజులపై దీపక్ కుమార్ కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2012 ఫిబ్రవరి 27న కోర్టు, 5 హెక్టార్ల లోపు లీజులకు కూడా పర్యావరణ అనుమతి ఉండాల్సిందేనని ఆదేశించింది. క్వారీ పక్కన ఉండే పల్లెలకు ఒక తలుపు తెరుచుకున్నట్టే కనిపించిన రోజు అది.

తెరుచుకున్న తలుపును మూయడం సులభం కాదు గానీ, అందులోంచి లోపలికి రావలసిన మనుషుల సంఖ్యను తగ్గించడం సులభమే. 2013 డిసెంబరులో కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ ఇచ్చిన ఉత్తర్వుతో 25 హెక్టార్లకు లోపు చిన్న ఖనిజాల లీజులు 'బీ2' అనే తరగతిలో చేరాయి. ఆ తరగతి ప్రాజెక్టులకు ప్రభావ అంచనా నివేదిక అక్కర్లేదు, ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదు. అనుమతి తప్పనిసరి అన్న సుప్రీంకోర్టు మాట నిలబడింది, ఊరిని అడగడమన్నది మాత్రం అందులోంచి జారిపోయింది.

2016 జనవరి 15 నోటిఫికేషన్ దానికి పూర్తి రూపం ఇచ్చింది. 5 హెక్టార్ల లోపు లీజులకు అనుమతి ఇచ్చే అధికారం హైదరాబాద్‌లోని రాష్ట్ర స్థాయి సంస్థ నుంచి జిల్లాకు వచ్చింది. కలెక్టరు అధ్యక్షతన జిల్లా పర్యావరణ ప్రభావ అంచనా సంస్థలు ఏర్పడ్డాయి. అధికారం జిల్లాకు వస్తే ఊరికి దగ్గరైనట్టే కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. ఆచరణలో ఆ సంస్థలోని వారంతా దాదాపు అధికారులే. ఊరి పక్షాన మాట్లాడే కుర్చీ అందులో లేదు. దరఖాస్తు, పరిశీలన, అనుమతి అన్నీ కాగితాల మీదే ముగిసేవి.

అదే నోటిఫికేషన్‌లో 'క్లస్టర్' అనే లెక్క కూడా ఉంది. ఒకే రకం ఖనిజం ఉన్న చోట ఒక లీజు హద్దుకు మరో లీజు హద్దు 500 మీటర్ల లోపు ఉంటే వాటిని కలిపి చూడాలి. ముక్కలు చేసే కిటుకుకు ఇది సరైన విరుగుడే. కానీ కలిపిన మొత్తం 5 నుంచి 25 హెక్టార్ల మధ్య ఉంటే సభ అవసరం లేదన్న మినహాయింపు పక్కనే ఉంది. ఒక గుట్ట మీద ఒక్కొక్కటి 12 ఎకరాల చొప్పున నాలుగు లీజులున్నాయనుకుందాం. మొత్తం 48 ఎకరాలు. 25 హెక్టార్లంటే 61 ఎకరాల 31 గుంటలు. అంటే నాలుగు క్వారీలు ఒకేసారి తూటాలు పేల్చినా, నాలుగింటి టిప్పర్లూ ఒకే బాట మీద నడిచినా, ఊరిని ఒక్కసారి కూడా కూర్చోబెట్టి అడగవలసిన పని లేదు. మన ప్రాంతపు చాలా గుట్టలకు ఈ కొలత సరిగ్గా సరిపోతుంది.

ఇది జరిగిన కాలం కూడా చూడాలి. 2016 మేలో కాళేశ్వరం ఎత్తిపోతల పథకానికి శంకుస్థాపన జరిగింది. రోడ్లు, కాలువలు, బ్యారేజీలు అన్నింటికీ కంకర కావాలి. అదే ఏడాది అక్టోబరు 11న రాష్ట్రంలోని 10 జిల్లాలు 31 అయ్యాయి. పాత వరంగల్ జిల్లా ఒక్కటే అయిదుగా విడిపోయింది. కొత్త కలెక్టరేట్లు, కొత్త సరిహద్దులు, కొత్త సిబ్బంది. నిన్నటిదాకా హనుమకొండకు వెళ్లే ఊరు ఇవాళ జనగామకో, మహబూబాబాద్‌కో, భూపాలపల్లికో వెళ్లాలి. తన గుట్ట ఫైలు ఏ కార్యాలయంలో ఉందో తెలుసుకోవడమే ఒక పని అయిన రోజుల్లో జిల్లా స్థాయి అనుమతుల కాలం నడిచింది.

2018 సెప్టెంబరు 13న జాతీయ హరిత ట్రిబ్యునల్, సతేంద్ర పాండే కేసులో ఈ ఏర్పాటును తప్పుబట్టింది. సుప్రీంకోర్టు 2012లో చెప్పినదానికి 2016 నోటిఫికేషన్ ఎదురు నడుస్తోందని, 5 నుంచి 25 హెక్టార్ల లీజులకు, క్లస్టర్లకు కూడా ప్రభావ నివేదిక, ప్రజాభిప్రాయ సేకరణ ఉండాలని చెప్పింది. ఆ ఏడాది డిసెంబరులో మంత్రిత్వ శాఖ అందుకు అనుగుణంగా ఉత్తర్వులిచ్చింది. ఈనాడు మనం చూస్తున్న సభలు అక్కడి నుంచి వచ్చినవే. సభలు మొదలైన నాటికి క్వారీలు తవ్వకంలో ఉన్నాయి. నేటి దరఖాస్తుల్లో 'ప్రస్తుత ఉత్పత్తి' అన్న గడిలో రాసే అంకె చాలాచోట్ల ఆ అడగని ఏళ్లలో ఏర్పడ్డదే. విస్తరణను దానికి పైన ఎంత అని కొలుస్తున్నారు. ఊరివాళ్లు ఆ గడిలోని అంకెనే ప్రశ్నిస్తున్నారు.

వాళ్లు చెప్పే విషయాలు సాధారణంగా నివేదికలో దొరకవు. గుట్ట వాళ్లకు నీటి లెక్క. కాకతీయుల నాటి గొలుసుకట్టు చెరువుల్లో పై చెరువు మత్తడి దూకితే కింది చెరువు నిండుతుంది, ఆ వరుసలో మొదటి చెరువుకు నీళ్లిచ్చేది గుట్ట వాలే. క్వారీ నుంచి తోసిన మట్టి, పనికిరాని రాయి, గుట్ట నుంచి చెరువుకు నీళ్లు తెచ్చే కట్టుకాలువకు అడ్డం పడితే చెరువుకు నీరు రావడం తగ్గుతుంది. 2015లో మిషన్ కాకతీయ కింద పూడిక తీసిన చెరువుకే ఇలా జరిగితే, ఒక శాఖ తీసిన పూడికను మరో శాఖ అనుమతి మళ్లీ నింపినట్టు. నివేదిక రాసే కన్సల్టెంటు ఉపగ్రహ పటంలో చెరువును గుర్తిస్తాడు. కట్టుకాలువ వానాకాలంలో తప్ప కంటికి కనిపించదు, అది ఏ బండ పక్క నుంచి మొదలవుతుందో నీరటికాడికి తెలుస్తుంది. ఇలాంటివి వినడానికే సభ. మిగిలినవి కూడా ఊరి నోటనే తెలుస్తాయి: పేలుడు మందు పెట్టిన రోజున గోడకు పడ్డ బీట, దారి పక్కన పత్తి చేను మీద పేరుకున్న దుమ్ము, తవ్వి వదిలేసిన గుంతలో వాన నీళ్లు చేరి పిల్లలకూ పశువులకూ ప్రమాదంగా మారడం.

గుట్టల మీద రాయి కాకుండా ఇంకేముంటుందన్న ప్రశ్నకు కరీంనగర్ జిల్లా గంగాధర మండలం కురిక్యాల బొమ్మలగుట్ట చాలు. 10వ శతాబ్దంలో జినవల్లభుడు అక్కడి బండ మీద చెక్కించిన శాసనంలో మూడు తెలుగు కంద పద్యాలున్నాయి. 2008లో తెలుగుకు దక్కిన ప్రాచీన భాషా హోదా కోసం చూపిన ఆధారాల్లో ఆ శాసనం ఒకటి. గ్రానైట్ క్వారీలకు పేరుపడ్డ మండలమది. జాబితాకెక్కిన కట్టడానికి చట్టం చుట్టూ గిరి గీస్తుంది. జాబితాకెక్కని దేవుని బండ గురించి ఊరు చెబితేనే తెలుస్తుంది.

ఇక సభ జరిగే తీరు. 2006 నోటిఫికేషన్ అనుబంధం ప్రకారం కాలుష్య నియంత్రణ మండలి సభను ఏర్పాటు చేస్తుంది, కలెక్టరు గానీ అదనపు జిల్లా మేజిస్ట్రేటు స్థాయికి తగ్గని అధికారి గానీ అధ్యక్షత వహిస్తారు. కనీసం 30 రోజుల ముందు ఒక జాతీయ దినపత్రికలో, ఒక ప్రాంతీయ భాషా పత్రికలో ప్రకటన ఇవ్వాలి. ముసాయిదా నివేదికను కలెక్టరేటు, జిల్లా పరిషత్తు, పరిశ్రమల కార్యాలయం వంటి చోట్ల జనానికి అందుబాటులో ఉంచాలి. తెలుగులో ఉండేది సారాంశం మాత్రమే. పేలుళ్ల ప్రకంపనల అంచనా, భూగర్భ జలాల పట్టికలు, ఊరికి క్వారీకి మధ్య దూరం కొలిచిన పద్ధతి ఇవన్నీ ఆంగ్లంలో ఉన్న అసలు నివేదికలో ఉంటాయి, దాన్ని చదవాలంటే జిల్లా కేంద్రానికి బస్సెక్కాలి. సభకు కోరం లేదు. ఎంత తక్కువ మంది వచ్చినా సభ జరిగినట్టే. ఓటింగ్ లేదు. మొత్తం వీడియో తీస్తారు, చివర్లో సభ వివరాలు రాసిన మినిట్స్‌ను స్థానిక భాషలో చదివి వినిపించాలి. చాలామంది మాట్లాడి వెళ్లిపోతారు గానీ, రాష్ట్ర స్థాయి నిపుణుల కమిటీ ముందుకు చేరేది ఆ రాతే కాబట్టి ఆఖరి అరగంట కూర్చోవడం మొదటి గంట మాట్లాడటం కన్నా ముఖ్యం.

ఈ సభ సమ్మతి కాదన్నది యాజమాన్యాలకు తెలుసు, ఊళ్లకు ఆలస్యంగా తెలుస్తుంది. ములుగు, భూపాలపల్లి జిల్లాల ఏజెన్సీ ఊళ్లలో సంగతి వేరు. షెడ్యూల్డ్ ప్రాంతాలకు పంచాయతీ వ్యవస్థను విస్తరించిన 1996 నాటి పెసా చట్టం కింద షెడ్యూల్డ్ ప్రాంతాల్లో చిన్న ఖనిజాల లీజు ఇవ్వడానికి ముందే గ్రామసభ లేదా తగిన స్థాయి పంచాయతీ సిఫారసు తప్పనిసరి. 1997 జులైలో సమతా కేసు తీర్పు ఏజెన్సీ భూములను గిరిజనేతర ప్రైవేటు సంస్థలకు లీజుకివ్వడం చెల్లదని చెప్పింది. ఏజెన్సీ సరిహద్దు దాటి మైదానంలోకి వస్తే, అదే రకం గుట్ట కింద ఉన్న ఊరికి ఆ హక్కు లేదు. మైదాన గ్రామసభ ఏకగ్రీవంగా తీర్మానం చేసి పంపినా చట్టం దృష్టిలో అది ఒక అభిప్రాయం, అంతే.

యాజమాన్యాల వాదనలో పస లేదనలేం. తమకు అప్పటి నిబంధనల ప్రకారం అనుమతులు వచ్చాయి, ప్రభుత్వం అడగనిదాన్ని తాము చేయలేదని ఇప్పుడు నిందించడం సరికాదంటారు. గ్రానైట్ లీజులు 20 నుంచి 30 ఏళ్ల కాలానికి ఇస్తారు కాబట్టి మధ్యలో నిబంధనలు మారితే పెట్టుబడి ఇరుకున పడుతుంది. బ్లాకులు తీసే చోట పేలుళ్లు తగ్గించి, రాయిని తీగతో కోసే వైర్‌సా వాడుతున్నామంటారు. అది నిజమే, పగిలిన బ్లాకుకు ధర రాదు కాబట్టి వాళ్లకూ అదే లాభం. రాయల్టీ, కూలి పని, స్థానిక లారీలకు కిరాయి అన్నవీ లెక్కలోకి వస్తాయి. కంకర క్వారీల్లో మాత్రం రాయి పగలడమే పని, అక్కడ వైర్‌సా మాట వర్తించదు. సభల్లో గ్రానైట్ గురించి ఇచ్చే భరోసా కంకర క్వారీకి చెల్లదని విడదీసి చెప్పేవాళ్లు తక్కువ.

విస్తరణ దరఖాస్తులకు 2006 నోటిఫికేషన్‌లో ప్రత్యేకంగా ఒక ఉపనిబంధన ఉంది. 7(ii) కింద వచ్చే విస్తరణలకు ప్రభావ నివేదిక ఎంత లోతుగా ఉండాలో, ప్రజాభిప్రాయ సేకరణ అవసరమో కాదో నిపుణుల కమిటీయే తేలుస్తుంది. ఆ వెసులుబాటు కావాలని యాజమాన్యాలు అడగడం, వద్దని ఊళ్లు రాయడం అందుకే. పాత అనుమతిలోని షరతులు ఎంతవరకు పాటించారో ధ్రువీకరించే నివేదికను కూడా విస్తరణ దరఖాస్తుతో జతచేయాలి. ఊరి పక్షానికి ఆ కాగితం కీలకం. గుట్ట చుట్టూ చెట్లు నాటామని, బాట మీద నీళ్లు చల్లుతున్నామని అందులో రాసి ఉంటే అది నిజమో కాదో చెప్పగలిగేది ఆ బాట మీద నడిచేవాళ్లే.

2023 ఏప్రిల్ 28న మంత్రిత్వ శాఖ మరో ఉత్తర్వు ఇచ్చింది. 2016 జనవరి 15 నుంచి 2018 సెప్టెంబరు 13 మధ్య జిల్లా సంస్థలు ఇచ్చి, ఇంకా చెల్లుబాటులో ఉన్న అనుమతులన్నింటినీ రాష్ట్ర స్థాయి సంస్థ తిరిగి పరిశీలించాలన్నది దాని సారం. అందుకు ఇచ్చిన ఏడాది గడువు తర్వాత పొడిగింపులకు వెళ్లింది. అంటే విస్తరణ కోరుతున్న క్వారీల్లో కొన్నింటి మూల అనుమతే పునఃపరిశీలన పరిధిలోకి వచ్చింది. మూల అనుమతి తేలకముందే దానికి పైన చేర్పును ఆమోదించవచ్చా అన్నది ఇప్పుడు సభల్లో నలుగుతున్న అసలు ప్రశ్న. మొదటి అనుమతి ఏ తేదీన, ఏ సంస్థ నుంచి వచ్చిందో సభలో లిఖితపూర్వకంగా అడిగితే ఆ ప్రశ్న మినిట్స్‌లోకి ఎక్కాలి, దానికి దరఖాస్తుదారు తుది నివేదికలో జవాబు రాయాలి.