రీలు నుంచి రీల్స్ దాకా

పంతులుగారు గట్టిమేళం అనగానే పెళ్లి పందిట్లో అక్షింతల కంటే ముందు ఫోన్లు లేస్తాయి. ఆ చేతుల మధ్యలోంచి దూరి తాళి కట్టే క్షణాన్ని పట్టుకోవాల్సిన ఫొటోగ్రాఫర్ "అన్నా, కొంచెం పక్కకి... మేడమ్, ఫోన్ దించండి" అని మొత్తుకుంటూ ఉంటాడు. తర్వాత భోజనాల దగ్గర ఎవరో ఒక పెద్దాయన అతన్నే అడుగుతాడు: "ఫోన్లలోనే ఇంత బాగా వస్తుంటే ఈ బరువంతా ఎందుకయ్యా మొయ్యడం?"

ఈ ప్రశ్న ఫోన్లతో పుట్టింది కాదు. 1888లో జార్జ్ ఈస్ట్‌మన్ అమెరికాలో కొడాక్ అనే పెట్టె కెమెరాను అమ్మకానికి పెట్టాడు. 100 ఫొటోలకు సరిపడా ఫిల్మ్ అందులో నింపే ఇచ్చేవారు. అన్నీ తీశాక కెమెరా మొత్తాన్నీ రోచెస్టర్‌లోని కంపెనీకి పంపితే, ఫొటోలు కడిగి, కొత్త ఫిల్మ్ వేసి తిరిగి పంపేవారు. 1900లో అదే కంపెనీ ఒక్క డాలరుకే బ్రౌనీ తెచ్చింది. సరిగ్గా ఆ కాలంలోనే, సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టిన రాజా దీన్‌దయాళ్ ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్‌గా గాజు పలకల మీద నెగెటివ్‌లు తీస్తున్నారు. స్టాండు, నల్లగుడ్డ, రసాయనాలు, ఓపిక అన్నీ ఉంటేనే స్టూడియోలో ఫొటో. కొడాక్‌కేమో బటన్ నొక్కితే చాలు. అయినా స్టూడియోలు మూతపడలేదు. సరదా ఫొటోలు ఇంట్లో, నిలిచిపోవాల్సినవి స్టూడియోలో అని జనమే పంచేసుకున్నారు. ఆ పంపకం దాదాపు వందేళ్లు నడిచింది.

మన ఇళ్లలోకి ఆగ్ఫా క్లిక్-త్రీ లాంటి పెట్టె కెమెరాలు వచ్చాయి, రోలుకు 12 ఫొటోలు. తర్వాత 36 ఫొటోల రీలు. తీయడం కాదు అసలు ఖర్చు, కడిగించడం. అందుకే ప్రతి ఫొటోకీ ఇంట్లో చిన్నపాటి పంచాయతీ జరిగేది. మా బాబాయి పెళ్లిలో 36 అయిపోయాయన్న ఉత్సాహంలో రీలును వెనక్కి చుట్టకుండా కెమెరా మూత తెరిచేసిన ఘనుణ్ణి నేనే. చుట్టలో లోపలికి పోయి బతికిపోయిన మొదటి నాలుగైదు ఫొటోలు తప్ప మిగతావన్నీ వెలుతురు తగిలి తెల్లబోయాయి. పిన్నిగారు ఇప్పటికీ నా చేతికి కెమెరా ఇవ్వరు. ఫోన్ మాత్రం ఇస్తారు.

ఫిల్మ్‌కు ఎసరు పెట్టిన వస్తువు ఫిల్మ్ కంపెనీలోనే పుట్టింది. 1975లో కొడాక్ ఇంజినీరు స్టీవ్ సాసన్ తయారుచేసిన డిజిటల్ కెమెరా మూడున్నర కిలోలకు పైనే తూగేది. 0.01 మెగాపిక్సెల్ బొమ్మను క్యాసెట్ టేపు మీదికి ఎక్కించడానికి 23 సెకన్లు పట్టేది. 1990లలో నాసా వారి జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీలో ఎరిక్ ఫోసమ్ బృందం అంతరిక్ష నౌకల కెమెరాలను చిన్నవి చేసే పనిలో ఉండి కొత్త రకం సీమాస్ సెన్సర్‌ను, అంటే వెలుతురును పట్టి బొమ్మగా మార్చే చిప్‌ను రూపొందించింది. అంతరిక్షం కోసం మొదలైన ఆ పని ఫలితమే ఇప్పుడు అందరి జేబుల్లోనూ ఉంది.

1997 జూన్ 11న కాలిఫోర్నియాలోని శాంటాక్రూజ్‌లో ఫిలిప్ కాన్ అనే ఆయన, అప్పుడే పుట్టిన కూతురి ఫొటోను ఆసుపత్రి నుంచే తెలిసినవాళ్లకు పంపాడు. డిజిటల్ కెమెరా, మొబైల్ ఫోన్, ల్యాప్‌టాప్ మూడింటినీ వైర్లతో కలిపి అక్కడికక్కడే కట్టిన ఏర్పాటది. నా లెక్కలో అసలు మలుపు ఇదే. బొమ్మ ఎలా ఉందన్నది కాదు, ఎంత త్వరగా చేరిందన్నది ముఖ్యమైంది. 2000లో జపాన్‌లో షార్ప్ కంపెనీ 0.11 మెగాపిక్సెల్ కెమెరా ఉన్న ఫోన్ అమ్మింది. 2007లో వచ్చిన మొదటి ఐఫోన్‌కు 2 మెగాపిక్సెల్సే. ఫ్లాష్ లేదు, వీడియో లేదు. అదే ఏడాది దొరికిన నోకియా ఎన్-95 దానికంటే మంచి కెమెరా ఫోన్.

కెమెరాలకు దెబ్బ వెంటనే తగల్లేదు. జపాన్ కెమెరా తయారీదారుల సంఘం సీపా లెక్కల ప్రకారం 2010లో 12 కోట్లకు పైగా డిజిటల్ కెమెరాలు మార్కెట్లోకి వెళ్లాయి. అదే శిఖరం. ఇన్‌స్టాగ్రామ్ వచ్చింది కూడా ఆ ఏడాది అక్టోబరులోనే. 2020 నాటికి ఆ 12 కోట్లు 90 లక్షల లోపుకు పడిపోయాయి. ఎక్కువగా మునిగింది మాత్రం లెన్స్ మార్చే పెద్ద కెమెరా కాదు, టూర్లకు జేబులో వేసుకెళ్లే బుల్లి కెమెరా. కార్డు తీసి, కంప్యూటర్‌కు పెట్టి, కాపీ చేసి పంపేసరికి ఫోన్ ఫొటోకు లైకులు వచ్చేసేవి. క్యాసియో 2018లో చిన్న కెమెరాల నుంచి తప్పుకుంది. ఒలింపస్ 2020లో కెమెరా వ్యాపారాన్నే అమ్ముకునేందుకు ఒప్పందం చేసుకుంది.

పత్రికల్లోనూ కొందరు తొందరపడ్డారు. 2013 మేలో చికాగో సన్-టైమ్స్ తన 28 మంది ఫొటోగ్రాఫర్లనూ ఒకేసారి తీసేసి, రిపోర్టర్లకు ఐఫోన్‌తో ఫొటోలు తీయడం నేర్పించింది. తీసేసినవాళ్లలో పులిట్జర్ బహుమతి గెలిచిన జాన్ హెచ్. వైట్ కూడా ఉన్నారు. తర్వాతి ఏడాది నలుగురిని వెనక్కి పిలవాల్సి వచ్చింది.

ఇక బొమ్మ నాణ్యత. ఫొటోగ్రాఫర్లు వాడే పెద్ద రకం, ఫుల్ ఫ్రేమ్ కెమెరా సెన్సర్ 36 మి.మీ. వెడల్పు, 24 మి.మీ. ఎత్తు, అంటే 864 చదరపు మిల్లీమీటర్లు. ఖరీదైన ఫోన్లలో చాలావాటి ప్రధాన సెన్సర్ అందులో పదో వంతుకు అటూ ఇటూ. వెలుతురు పట్టే జాగా అంతే మరి. ఆ లోటును ఫోన్ లెక్కలతో పూడుస్తుంది. మనం ఒక్కసారి నొక్కితే వరసగా ఎన్నో ఫ్రేములు తీసి, వాటిని కలిపి ఒక బొమ్మ చేస్తుంది. గూగుల్ 2018లో పిక్సెల్ ఫోన్లకు ఇచ్చిన నైట్ సైట్ చీకట్లో చేసిన మాయ అదే. 2016లో ఐఫోన్ 7 ప్లస్‌తో వచ్చిన పోర్ట్రెయిట్ మోడ్, మనిషి వెనకాల కనిపించే మసకను కూడా లెక్కకట్టే వేసింది. దూరం నుంచి చూస్తే బాగానే ఉంటుంది. పెళ్లికూతురి పూలజడ దగ్గర జూమ్ చేసి చూడండి: అంచున ఉన్న మల్లెమొగ్గల్లో కొన్ని వెనకాల గోడతో పాటు మసకలో కలిసిపోయి ఉంటాయి. ఏది జడో ఏది గోడో దానికి తెలీదు, ఊహించుకుంటుంది.

అలాంటి ఊహకు డబ్బులు కట్టడానికి పెళ్లివారు ఒప్పుకోరు. ముహూర్తం రెండోసారి రాదు కనుక ఒకే ఫొటోను రెండు మెమరీ కార్డుల్లో దాచే కెమెరా కావాలి, పందిరి చివర నుంచి కూడా ముఖం అందుకునే లెన్స్ కావాలి. అలాగని ఫోన్ గుమ్మం బయట నిలబడలేదు. ఆల్బమ్‌కు కెమెరా, సాయంత్రానికల్లా స్టేటస్‌లో పెట్టుకోవడానికి ఫోన్‌తో రీల్స్ తీసే కుర్రాడు, ఇద్దరూ ఒకే ప్యాకేజీలో వస్తున్నారు. మరోవైపు సీపా లెక్క 2023లో 77 లక్షలు, 2024లో 85 లక్షలకు దగ్గర. పడిపోవడం ఆగి, కాస్త లేచింది. ఫోన్‌తోనే పెరిగిన పిల్లలు అక్కల పాత బుల్లి కెమెరాలను బీరువాల్లోంచి వెతికి తీస్తున్నారు. వాళ్లకు అందులో నచ్చింది ఆ మసకబారిన ఫ్లాషే కావచ్చు.

మా వీధి చివరి స్టూడియోలో ఇప్పుడు పాస్‌పోర్ట్ ఫొటోలు, జిరాక్సు, ఆన్‌లైన్ ఫారాలు. ఆయనకు తరచూ వచ్చే ఇంకో పని ఉంది. ఇంట్లో పెద్దవాళ్లు పోతే, దండ వేసే ఫొటో కోసం ఫోన్లన్నీ వెతుకుతారు. వేల ఫొటోలుంటాయి, ఒక్కరే నేరుగా కెమెరా వంక చూసి నిలబడ్డది ఉండదు. చివరికి ఏదో గృహప్రవేశం గ్రూప్ సెల్ఫీలో వెనక వరసలో దొరుకుతారు. దాన్ని నలుగురి ఫోన్లు దాటించి వాట్సాప్‌లో పంపిస్తారు. ఫొటోగా పంపితే వాట్సాప్ దాన్ని కుదించేస్తుంది. 12×18 అంగుళాలకి పెద్దది చేస్తే ముఖం గళ్లు గళ్లుగా విడిపోతుంది. ఆయన మానిటర్ మీంచి తల ఎత్తి, మెల్లిగా అంటాడు: "ఫొటోలా కాదండీ, ఎవరు తీశారో వాళ్ల ఫోన్ నుంచే డాక్యుమెంట్‌గా పెట్టించండి."