బల్ల ముందు కూర్చున్నవాళ్ళ మీద జోకులు: ఈ నవ్వు ఎక్కణ్ణుంచి వచ్చింది?

ఆంధ్రా సరిహద్దుకు దగ్గరగా ఉన్న ఒడిశా బరంపురంలో ఆదివారం సాయంత్రాలు మేం ఆరుగురం ఒక డాబా మీద చేరతాం. నలుగురం తెలుగువాళ్ళం, ఇద్దరు ఒడియావాళ్ళు. మధ్యలో ఒక బల్ల, దాని మీద చేత్తో గీసిన మ్యాపు, ఇరవై ముఖాల పాచికలు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ తరహా ఆట: ఒకరు కథ నడిపిస్తారు, మిగతావాళ్ళం అందులో పాత్రలం. కథ తెలుగులో సాగుతుంది, లెక్కలు ఒడియాలో. పైసా పందెం ఉండదు.

ఈ మధ్య మా ఊళ్ళో ఒక కోచింగ్ సెంటర్ హోర్డింగు పెట్టింది. ఒకవైపు సోడాబుడ్డి కళ్ళద్దాలు, నలిగిన టీషర్టుతో ఒక లావుపాటి కుర్రాడు, చేతిలో పాచికలు, చుట్టూ ఖాళీ చిప్స్ ప్యాకెట్లు. రెండోవైపు టై కట్టుకున్న ఉద్యోగి. ఆటలు చాలు, ఇకనైనా ఎదుగు అని కింద ఒడియాలో రాశారు. మా బృందంలో అందరికంటే చిన్నవాడికి వాళ్ళమ్మ ఆ ఫొటో చూపించి, "ఏట్రా, నీ బొమ్మే ఏసినట్టున్నారు" అంది. ఆవిడ నవ్వుతూనే అంది. వాడు మాత్రం రెండు ఆదివారాలు రాలేదు.

ఇది అవమానమా, ఉత్త సరదానా అని మాలో మేమే చాలాసేపు వాదించుకున్నాం. కులం మీదో రంగు మీదో వేసే జోకుతో దీన్ని సమానం చేయను. ఆట మనం ఎంచుకున్నది, మానుకోవాలంటే మానుకోవచ్చు. కానీ ఆ బొమ్మకు ఒక గతం ఉంది. అది తెలిస్తే వాడు ఎందుకు రాలేదో అర్థమవుతుంది.

మేం ఆడే ఆటకు మూలం అమెరికాలో ఉంది. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రూపొందించిన డంజన్స్ అండ్ డ్రాగన్స్‌ను 1974లో విస్కాన్సిన్ రాష్ట్రంలోని లేక్ జెనీవా నుంచి టీఎస్ఆర్ అనే చిన్న సంస్థ అచ్చు వేసింది. మొదటిసారి తయారైనవి 1000 పెట్టెలే. బొమ్మ సైనికులతో యుద్ధాలు ఆడుకునే పెద్దవాళ్ళు, కాలేజీ పిల్లలు, సైన్స్ ఫిక్షన్ ఇష్టపడేవాళ్ళు ముందుగా దీన్ని పట్టుకున్నారు. అందరూ మగవాళ్ళేనని ప్రకటనలు చూస్తే అనిపిస్తుంది. అది నిజం కాదు. ఈ ఆటగాళ్ళు తమ రాతలు పంచుకునే తొలి పత్రికల్లో ఒకదాన్ని 1975లో మొదలుపెట్టింది లీ గోల్డ్ అనే మహిళ.

తరవాత వచ్చింది నవ్వు కాదు, భయం. 1979లో మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో చదివే పదహారేళ్ళ కుర్రాడు కనిపించకుండా పోయాడు. క్యాంపస్ కింద ఆవిరి గొట్టాలు వెళ్ళే సొరంగాల్లో ఈ ఆట ఆడుతూ తప్పిపోయి ఉంటాడని, వెతకడానికి వచ్చిన ప్రైవేటు డిటెక్టివ్ అనుమానపడ్డాడు. ఆ అనుమానం పత్రికల్లో పెద్ద వార్త అయింది. నిజానికి ఆ పిల్లవాడు లోలోపల తీవ్రమైన వేదనలో ఉన్నాడు, సొరంగాల్లోకి ప్రాణం తీసుకోవడానికే వెళ్ళాడు. ఆ సంగతి బయటికొచ్చేసరికి ఆట మీద మచ్చ పడిపోయింది. 1982లో ఇంకో కుర్రాడు ఆత్మహత్య చేసుకున్నాడు. అతని తల్లి ప్యాట్రీషియా పుల్లింగ్ ఈ ఆటే కారణమని నమ్మి, దానికి వ్యతిరేకంగా ఒక సంఘం పెట్టింది. ఆమె కేసులు కోర్టుల్లో నిలవలేదు. బిడ్డను పోగొట్టుకున్న తల్లిని నేను ఒక్క మాట కూడా అనలేను. అయితే ఆ దుఃఖాన్ని వార్తగా అమ్మినవాళ్ళ సంగతి వేరు. 1985లో అమెరికాలో బాగా పేరున్న ఒక టీవీ వార్తా కార్యక్రమం కూడా ఈ ఆరోపణలకు చోటిచ్చింది. చివరికి 1989లో వచ్చిన రెండో కూర్పులో, జనం ఒత్తిడికి తలొగ్గి, భూతాలకూ పిశాచాలకూ ఉన్న పేర్లను సంస్థే మార్చేసింది.

భయం తగ్గిన చోటికి నవ్వు వచ్చింది. ముప్పై దాటినా అమ్మ ఇంట్లోనే ఉండేవాడు, ఆడపిల్లతో మాట్లాడటం రానివాడు, చీకటి గదిలో పాచికలు విసిరేవాడు. ప్రకటనలకు ఇది చాలా వీలైన బొమ్మ. అర నిమిషంలో కథ చెప్పాలంటే చూడగానే గుర్తుపట్టే మనిషి కావాలి. ఆ మనిషి తిరగబడి అడగనివాడైతే ఇంకా మంచిది. కారైనా షాంపూ అయినా, మా సరుకు కొంటే నువ్వు ఇలా మిగిలిపోవు అని చెప్పడానికే ఆ బొమ్మ. వీడికి లోకంతో సంబంధం తెగిపోయింది అని అప్పుడు భయపెడుతూ అన్నారు, ఇప్పుడు నవ్విస్తూ అంటున్నారు. మాట అదే.

మన దగ్గర ఈ బొమ్మ ఇంకో పాత మాటకు అతుక్కుంది. జూదం. పాచిక చూడగానే తెలుగువాడికి శకుని గుర్తొస్తాడు. మా మేడ కింద ఉండే మామ్మగారు మొదటి రోజే, "జూదమేటి బాబూ, మంచి కుటుంబాల్లో పుట్టి" అన్నారు. ఆవిడే చిన్నప్పుడు శివరాత్రి జాగారానికి తెల్లవార్లూ వైకుంఠపాళీ, పచ్చీసూ ఆడారట. గంజాం జిల్లాలో ఆశ్వయుజ పున్నమినాడు, అంటే కుమార పూర్ణిమ రాత్రి, పేకా పాచికలూ ఆడటం ఆనవాయితీ. పర్లాకిమిడిలో గంజపా అనే గుండ్రటి పేకముక్కలను చేత్తో రంగులద్ది తయారు చేసేవారు. ఎనిమిది రంగులు, రంగుకు పన్నెండు చొప్పున 96 ముక్కలు. దశావతారాల రకంలో 120. ఇక మన పచ్చీసే ఇంగ్లండ్ వెళ్ళి 1896లో లూడో పేరుతో పేటెంట్ పొందింది. బల్ల మీదో చాప మీదో నలుగురు కూర్చుని ఆడటం ఇక్కడ కొత్తగా వచ్చిన జబ్బేమీ కాదు.

ఆటకూ జూదానికీ ఉన్న తేడాను చట్టం కూడా చాలాకాలం క్రితమే గుర్తించింది. 1867 నాటి పబ్లిక్ గ్యాంబ్లింగ్ చట్టం కేవలం నైపుణ్యం మీద నడిచే ఆటలను జూదం నుంచి మినహాయించింది. ఒడిశాకు 1955 నుంచి సొంత జూద నిషేధ చట్టం ఉంది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలనూ వాటి ప్రకటనలనూ పార్లమెంటు 2025 ఆగస్టులో నిషేధించింది. నాకు నిజంగా బాధ కలిగించేది ఇక్కడే. అంతకుముందు ఏళ్ళ తరబడి టీవీలో, ఫోన్లో, పెద్ద పెద్ద స్టార్లతో రమ్మీ యాప్‌ల ప్రకటనలు వచ్చాయి. వాటిలో ఆడేవాడు హీరో. అప్పుల్లో మునిగిన ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. పందెం లేకుండా స్నేహితులతో కూర్చునేవాడు మాత్రం ప్రకటనల్లో ఎందుకూ పనికిరానివాడు.

మరి ఫిర్యాదు చేయొచ్చా? కేబుల్ టీవీ నియమాలు 1994 నుంచి జాతి, కులం, రంగు, మతవిశ్వాసం, జాతీయత మీద ఎగతాళిని ఒప్పుకోవు. ప్రకటనల రంగం 1985లో తనకు తాను పెట్టుకున్న అడ్వర్టయిజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2022లో తన నియమావళిని విస్తరించింది. శరీరాకృతి, వయసు, శారీరక, మానసిక పరిస్థితులు, లైంగికత మీద ఎగతాళి కూడా అందులో చేరింది. అభిరుచి ఆ జాబితాలో లేదు. ఉండాలని నేను అడగను కూడా. రేపు క్రికెట్ పిచ్చి మీద, సినిమా పిచ్చి మీద జోకు వేయకూడదంటే బతుకు చప్పబడిపోతుంది. కానీ అవే నియమాలు ఆ హోర్డింగును ఇంకోలా చూడమంటాయి. బొమ్మలో నవ్వు పాచికల మీద ఎంత ఉంది, లావుపాటి ఒంటి మీద, కళ్ళద్దాల మీద, మనుషుల్లో కలవలేని బిడియం మీద ఎంత ఉంది? ఆటను తీసేసి చూస్తే మిగిలేది అదే.

సరిహద్దులో ఉండే మాకు ఈ తూకం బాగా తెలుసు. తెలుగు సినిమాలో మా వైపు యాస ఎన్నేళ్ళు కామెడీగా బతికిందో చూశాం. యాస వినిపిస్తే చాలు, మనిషి అమాయకుడో పనివాడో అని అర్థం. అదే పర్లాకిమిడిలో పంతులుగా పనిచేసిన గిడుగు రామమూర్తి, జనం మాట్లాడే భాషను గ్రామ్యమని పక్కకు నెట్టడాన్ని ఎదిరించారు. యాసలో జోకులు మేమూ వేసుకుంటాం, నవ్వుతాం కూడా. నొప్పి యాసలో లేదు, యాస ఉన్నవాడు తక్కువవాడనే తీర్పులో ఉంది.

కోచింగ్ సెంటర్‌కు మేం ఆరుగురం సంతకాలు పెట్టి ఒక ఉత్తరం ఇచ్చాం, ఒక కాపీ తెలుగులో, ఒకటి ఒడియాలో. హోర్డింగు తీసెయ్యమని అందులో అడగలేదు. పాచికలు ఉంచుకోండి, చిప్స్ ప్యాకెట్లు కూడా ఉంచుకోండి, "ఇకనైనా ఎదుగు" అన్న ఒక్క వాక్యం మార్చండి అన్నాం. మాలో ఒకరు బ్యాంకులో, ఒకరు ఆసుపత్రిలో పనిచేస్తున్నారని, ఇద్దరు మీ దగ్గరే చదువుకున్నారని కూడా రాశాం.