పచ్చకాయ ఎర్రబడేదాకా

క్విన్స్ అంత మోసం చేసే పండు ఇంకోటి ఉండదేమో. చూడ్డానికి పసుప్పచ్చగా ఆపిల్‌కీ జామకీ మధ్యలో ఉంటుంది, టేబుల్ మీద పెడితే చాలు ఇల్లంతా ఘుమఘుమ, తీరా కొరికితే నోరంతా వగరెక్కి నాలుక అంగిట్లోకి పీక్కుపోతుంది. మొరాకో వాళ్ళు దీన్ని సఫర్జల్ అంటారు, శరదృతువులో బజార్లోకి వస్తుంది, పొట్టేలు మాంసంతో కలిపి తాజీన్‌లో వండుతారు. మాంసంలో పండేంటి అని మొహం చిట్లించబోయి ఆగాను, గోంగూర మాంసం, చింతచిగురు మాంసం తినే మనం ఆ మాట అనకూడదు కదా. పైగా వాళ్ళ అలవాటు ఈనాటిది కాదు, 1226లో బాగ్దాద్‌లో రాసిన ఒక వంటల పుస్తకంలోనే ఆప్రికాట్లతో వండే మాంసం ఉంది, పేరు మిష్‌మిషియ్యా.

తాజీన్ అంటే కూర పేరూ అదే, గిన్నె పేరూ అదే. అడుగున వెడల్పాటి మట్టి పళ్ళెం, పైన గోపురంలాంటి మూత. కింద బొగ్గుల కుంపటి పెడతారు, వాళ్ళు దాన్ని మజ్మర్ అంటారు గానీ చూస్తే మన అమ్మమ్మల కాలం కుంపటే. మట్టి వేడిని మెల్లగా తీసుకుని మెల్లగా వదుల్తుంది, మూత పైభాగం మంటకి దూరంగా కాస్త చల్లగా ఉంటుంది కాబట్టి ఆవిరి అక్కడ నీళ్ళయి మళ్ళీ కిందకి జారుతుంది, అందుకే ఉల్లిపాయల్లో ఊరిన నీళ్ళకి తోడు ఒక గ్లాసు పోస్తే సరిపోతుంది. మూత గురించి గొప్పగా చెప్తారు గానీ నా లెక్కలో అసలు పని చేసేది సన్నటి సెగ. మందపాటి గిన్నె, బిగుతైన మూత ఉంటే చాలావరకు అదే పని జరుగుతుంది. మట్టిదే వాడతానంటే మాత్రం ఒక్కసారిగా పెద్ద మంట మీద పెట్టకండి, పగుల్తుంది.

ఇక మాంసం. దీనికి మెత్తటి తొడ ముక్క కన్నా జబ్బ, మెడ, పిక్క బావుంటాయి, అంటే జంతువు బాగా కష్టపెట్టిన కండ. అక్కడ కొలాజెన్ ఎక్కువ, మూడు పోగులు పురితిప్పిన తాడులాంటి ప్రోటీన్ అది. సుమారు 60 డిగ్రీలు దాటాక ఆ పురి విడిపోవడం మొదలవుతుంది, కానీ పూర్తిగా విడిపోయి జెలటిన్ అయ్యి పులుసులో కలవాలంటే గంటలు పడుతుంది. పాయా తాగాక పెదాలు అతుక్కుంటాయి చూశారా, అదే జెలటిన్. చిక్కేంటంటే అదే వేడికి కండ పోగులు ముడుచుకుని లోపలి నీళ్ళు పిండేస్తాయి, అందుకే ఒక గంట ఉడికాక ముక్క నొక్కి చూస్తే మొదటికన్నా గట్టిగా ఉంటుంది, చాలామంది అక్కడే కంగారుపడి మంట పెంచేస్తారు, పెంచితే పోగులు ఇంకా బిగుసుకుంటాయి. చిన్న బుడగ ఒకటీ అరా వచ్చేలా, 90 డిగ్రీల దగ్గర ఉంచి రెండు మూడు గంటలు వదిలేయడమే. కుక్కర్లో పెట్టినా తప్పులేదు, అక్కడ 120 డిగ్రీల దాకా వెళ్తుంది కాబట్టి కొలాజెన్ త్వరగా కరుగుతుంది, కానీ పండుని మాత్రం కుక్కర్లోకి రానివ్వకండి.

మసాలా పెద్దగా ఏం లేదు, శొంఠి పొడి, దాల్చినచెక్క, మిరియాలు, చిటికెడు కుంకుమపువ్వు. అల్లం ఎండినా ఉడికినా మారిపోయే సరుకు, పచ్చి అల్లంలో ఘాటు జింజెరాల్‌ది, ఎండితే అది ఇంకా కారంగా ఉండే షోగాల్ అవుతుంది, ఉడికితే కొంత జింజెరోన్ అయ్యి తియ్యటి వాసన వస్తుంది. పండు కూరలో శొంఠి ఎందుకు అంత బాగా ఇముడుతుందో అది తిన్నాక తెలిసింది.

మాంసం ముప్పావు వంతు ఉడికాక క్విన్స్ ముక్కలు వెయ్యాలి, తొక్క తియ్యక్కర్లేదు, గింజల భాగం మాత్రం తియ్యాలి. ఆ వగరు టానిన్ల వల్ల, అవి మన లాలాజలంలో ప్రోటీన్లని పట్టేసుకుని నోరు గరుకయ్యేలా చేస్తాయి. ఈ టానిన్లు చిన్న అణువులు గొలుసులా కలిసినవి, రంగుండదు. పండులోని పులుపుతో పాటు వేడి చాలాసేపు తగిలితే గొలుసులు తెగి కొన్ని ముక్కలు సయనిడిన్ అనే ఎరుపు రంగు పదార్థంగా మారతాయి, నేరేడు పండు తిన్నాక నాలుక మీద మిగిలే రంగు కూడా ఈ కుటుంబానిదే. ముందు లేత గులాబీ, తర్వాత ఇటుక రంగు, వగరు చాలావరకు మాయం. ఏ రంగూ కలపకుండా పసుపు కాయ ఎర్రబడుతుంటే మూత తీసి తీసి చూడాలనిపిస్తుంది, చూడకండి, ఆవిరి పోతుంది. కొన్ని రకాలు గులాబీ దగ్గరే ఆగిపోతాయి, దానికి మనం చేసేదేం లేదు.

ఇంతసేపు ఉడికినా ముక్క మాత్రం ఆపిల్‌లా పేస్టవ్వదు. జామకాయలో పళ్ళకింద గరగరలాడే రాతికణాలే దీన్లోనూ ఉంటాయి, పెక్టిన్, అంటే జామ్‌ని గడ్డకట్టించే పండు జిగురు, కూడా దండిగా ఉంటుంది. జామ్‌లాంటి మర్మలేడ్ ఉందే, ఆ మాటే పోర్చుగీసులో క్విన్స్ పేరైన మర్మెలో నుంచి వచ్చింది, జామ్ కట్టడానికి దీన్ని మించింది లేదు మరి. గింజల్లో జిగురు ఇంకా ఎక్కువ. హైదరాబాద్‌లో యునానీ మందుల కొట్లో దగ్గుకి బిహిదానా ఇస్తారే, అవి ఈ గింజలే, నీళ్ళల్లో వేస్తే సబ్జాలా ఉబ్బుతాయి.

ఎండు ప్లమ్ పళ్ళు, అంటే బర్‌ఖూఖ్, వేసేట్టయితే ఆఖర్న ఇరవై నిమిషాలు చాలు, కాస్త పులుసు, తేనె, దాల్చినచెక్కతో విడిగా ఉడికించి పైన పోసేవాళ్ళూ ఉన్నారు. వాటిలో సార్బిటాల్ అనే చక్కెరలాంటి పదార్థం బాగా ఉంటుంది, అది నీళ్ళని పట్టి ఉంచుతుంది కాబట్టి పండు మెత్తగా నిగనిగలాడుతుంది, పొట్టలోనూ అదే పని చేస్తుంది కాబట్టి గుప్పెడు చాలు, రెండు గుప్పెళ్ళు తిని నన్ను తిట్టుకోవద్దు.

మిగిలిన కూర ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడు మూత తీస్తే పులుసు గడ్డకట్టి, గరిటె గుచ్చితే వణుకుతూ ఉంటుంది. కొంత మాంసం జెలటిన్, కొంత పండు పెక్టిన్, చెంచా మైదా కూడా వెయ్యలేదు మనం.