రాక్ పాటలో దైవం వెతుక్కునేవారికి: అపోహలు - వాస్తవాలు

గిటారు నేర్పడం మొదలుపెట్టి పదహారేళ్లయింది. ఎవరో ఒకరు ముఖం వేలాడేసుకుని వచ్చి తరచూ ఇదే మాట అంటుంటారు: "ఇన్నాళ్లూ దీన్ని ప్రార్థన అనుకున్నాను మాస్టారూ. రాసినాయనేమో విడిపోయిన ప్రియురాలి గురించి రాశానంటున్నాడు." ఆ రోజు నుంచి ఆ పాట ముట్టుకోరు. నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

అపోహ: రాసినవాడు అనుకున్నదే అర్థం, మనకు తోచినదంతా భ్రమ.

వాస్తవం: ఇంగ్లండ్ రాక్ బృందం బీటిల్స్‌లో గిటారు వాయించిన జార్జ్ హారిసన్ 1970 నాటి 'మై స్వీట్ లార్డ్' వినండి. వెనక గొంతులు ముందు 'హల్లెలూయా' అంటాయి, కాసేపటికి 'హరే కృష్ణ' అందుకుంటాయి. ప్రార్థనే, సందేహం లేదు. కానీ ఆ బాణీ 1963లో మారుమోగిన 'హీజ్ సో ఫైన్' పాటదని కేసు పడింది, తెలియకుండానే తీసుకున్నాడని 1976లో కోర్టు తేల్చింది. ఆ పాత పాటలో ఒక అమ్మాయి తనకు నచ్చిన అబ్బాయిని తలచుకుంటుంది. ప్రేమపాట బాణీ ఆయన ప్రార్థనకు పనికొచ్చింది కదా, ప్రేమపాట మాటలు మీ ప్రార్థనకు ఎందుకు పనికిరావు? యేసును స్నేహితుడని పాడే 'స్పిరిట్ ఇన్ ద స్కై'ని 1969లో ఇచ్చిన నార్మన్ గ్రీన్‌బామ్ యూదుడు. అంతమాత్రాన ఆ పాటతో ధైర్యం తెచ్చుకున్నవాళ్ల ధైర్యం దొంగదైపోతుందా?

అలాగని నోటికొచ్చిన అర్థమల్లా చెల్లదు. నా దగ్గర ఒకటే పద్ధతి. సాహిత్యం మొత్తం కాగితం మీద రాయిస్తాను. "నీ అర్థం ఏ మాట మీద నిలబడిందో వేలు పెట్టి చూపించు" అంటాను.

ఒకావిడ, భర్త పోయిన ఏడాదికి, యూటూ బృందం 1983 నాటి '40' నేర్చుకుంటానని వచ్చారు. అందులోని చరణాలు బైబిలు 40వ కీర్తన నుంచి వచ్చాయి: గుంటలోంచి, ఊబిలోంచి పైకెత్తి బండ మీద నిలబెట్టాడనే కృతజ్ఞత. పల్లవిలోని 'ఎంతకాలం' అన్న ప్రశ్న మాత్రం 6వ కీర్తనలోది. ఆవిడ వేలు సరిగ్గా ఆ మాట దగ్గర ఆగింది. "పైకి తీశాక కూడా ఇలా అడగొచ్చా మాస్టారూ?" అన్నారు. దేవుడి మీద అలగడం పాపమేమోనని ఏడాదిగా కుమిలిపోతున్నారట. ఆ రోజు పల్లవి ఒక్కటే, చాలాసేపు వాయించుకున్నాం.

అపోహ: పాట నాకొక్కడికే రహస్యంగా ఆజ్ఞ ఇస్తోంది.

వాస్తవం: ఇది ప్రమాదం. బీటిల్స్ 1968 పాట 'హెల్టర్ స్కెల్టర్'లో ఛార్లెస్ మాన్సన్ అనే అమెరికన్ ముఠా గురువు రాబోయే యుద్ధాన్ని విన్నాడు, మరుసటి ఏడాది అతని అనుచరులు హత్యలు చేశారు. ఆ పేరుకు బ్రిటన్‌లో అర్థం, పిల్లలు గిర్రున తిరుగుతూ దిగే జారుడు బల్ల. మీ ఇంట్లో ఎవరైనా పాట తమను ఆదేశిస్తోందని చెబితే వాదించకండి, మానసిక వైద్యుల దగ్గరకు తీసుకెళ్లండి.

అపోహ: రికార్డును వెనక్కి తిప్పితే సైతాను మాటలు వినిపిస్తాయి.

వాస్తవం: ఏ మాటలు వినాలో ముందే చెప్పి వినిపిస్తే ఏ గొణుగుడైనా అలాగే వినిపిస్తుంది. ఈ పుకారు ఇంకా నమ్మేవాళ్లను చూస్తే ఓపిక నశిస్తోంది. బెంగగా ఉన్న తల్లిదండ్రులు మీ అబ్బాయి చేతే ఆ పాట మాటలు రాయించి, పక్కన కూర్చుని మొదటి నుంచి చివరిదాకా చదవండి. ఏ మాట తనకు నచ్చిందో వాడే చూపిస్తాడు.