నాజీల హాల్లో ఒపెరా: న్యూరెంబర్గ్ వివాదం వెనక కథ

జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో ఒపెరా హౌస్ 1905 నాటిది, బాగా శిథిలమైంది. మరమ్మతులు జరిగే ఏళ్లలో ప్రదర్శనలకు ఇంకో చోటు కావాలి. అందుకోసం నగర పాలక మండలి 2021 చివర్లో కాంగ్రెస్ హాల్‌ను ఎంచుకుంది. నాజీ పార్టీ 50 వేల మంది పట్టేలా మొదలుపెట్టి, యుద్ధం రావడంతో సగంలో వదిలేసిన కట్టడం అది. మరుసటి ఏడాది, థియేటర్‌ను దాని లోపలి ఆవరణలోనే కట్టాలని తేల్చారు. వేరే ఊళ్లో అయితే ఇది బడ్జెట్ గొడవతో సరిపోయేది. ఇక్కడ మాత్రం అసలు నాజీలు ఈ ఊరికే ఎందుకొచ్చారన్న దగ్గర్నుంచి మాట్లాడుకోవాల్సి వస్తుంది.

ఈ ఊరి పేరు మొదటిసారి కనిపించేది 1050లో, సిగేనా అనే బానిస స్త్రీకి స్వేచ్ఛనిస్తూ పవిత్ర రోమన్ సామ్రాజ్య (అప్పట్లో జర్మన్ ప్రాంతాలను ఏలిన సామ్రాజ్యం) చక్రవర్తి మూడో హెన్రీ రాయించిన పత్రంలో. తర్వాత మూడు శతాబ్దాల్లో కోట లేచింది, వర్తకం పెరిగింది, ఊరు నేరుగా చక్రవర్తికి మాత్రమే జవాబుదారీగా ఉండే స్వతంత్ర నగరమైంది. కొత్తగా ఎన్నికైన ప్రతి పాలకుడూ తన మొదటి సభను న్యూరెంబర్గ్‌లోనే జరపాలని 1356 నాటి శాసనం చెప్పింది. 1424 నుంచి సామ్రాజ్య కిరీటం, ఖడ్గం లాంటి రాజచిహ్నాలు ఇక్కడే ఉండేవి. చిత్రకారుడు డ్యూరర్ ఈ ఊరివాడే. ఇప్పటికీ మిగిలి ఉన్న భూగోళ నమూనాల్లో అన్నిటికన్నా పాతది 1490ల మొదట్లో ఇక్కడే తయారైంది. అందులో అమెరికా లేదు.

టూరిస్టులకు చూపించేది ఈ వైభవమే. కానీ ఏటా క్రిస్మస్ సంత జరిగే ప్రధాన మార్కెట్ చౌకు ఒకప్పుడు యూదుల వాడ. అప్పటి రాజు నాలుగో చార్లెస్ అనుమతితో 1349లో దాన్ని కూల్చేశారు, 562 మందిని చంపారు. సినగాగ్ (యూదుల ప్రార్థనా మందిరం) ఉన్నచోట మేరీమాత చర్చి కట్టారు. మిగిలిన యూదులను 1499లో వెళ్లగొట్టారు, 19వ శతాబ్దం మధ్య దాకా వాళ్లకు ఊళ్లో స్థిరపడే హక్కే లేదు. యూదు ద్వేషాన్ని ఈ ఊరికి నాజీలేమీ కొత్తగా తీసుకురాలేదు.

వర్తకం అట్లాంటిక్ రేవులకు మళ్లాక, 1618-48 మధ్య ఐరోపాలో సాగిన ముప్పై ఏళ్ల యుద్ధం తర్వాత, ఊరు అప్పుల్లో పడింది. 1796లో ఫ్రెంచి సైన్యానికి భయపడి రాజచిహ్నాలను తరలించారు, అవి చివరికి వియన్నా చేరాయి. 1806లో బవేరియా రాజ్యం ఈ ఊరిని కలిపేసుకుంది. ఆ శతాబ్దంలో రెండు సంగతులు ఒకేసారి జరిగాయి. 1835లో ఇక్కణ్నుంచి పక్కూరు ఫ్యూర్త్ దాకా జర్మనీలో తొలి ఆవిరి రైలు నడిచింది. పెన్సిళ్లు, బొమ్మలు, యంత్రాల ఫ్యాక్టరీలు లేచాయి. మరోపక్క కవులు, చిత్రకారులు పాత గోడలను, ఇరుకు వీధులను చూసి ఇదే అసలైన జర్మనీ అని మురిసిపోయారు. ఊరు కార్మికులది, పేరు మధ్యయుగాలది.

నాజీలకు కావలసింది ఆ పేరే. నిజానికి 1920ల్లో ఇక్కడ కార్మికుల పక్షాన ఉండే సోషల్ డెమోక్రాట్ల బలం ఎక్కువ, మేయర్ లుప్పే ఉదారవాది. అయినా దేశం నలుమూలల నుంచీ రైళ్లొస్తాయి, స్థానికంగా యూలియస్ స్ట్రైఖర్ అనే యూదు ద్వేషి పలుకుబడి ఉంది. పార్టీ 1927లో, 1929లో ఇక్కడ ర్యాలీలు జరిపింది. 1933లో అధికారం దక్కాక 1938 దాకా ప్రతి ఏటా జరిపింది. పాత మార్కెట్ చౌకుకు హిట్లర్ పేరు పెట్టి అక్కడే కవాతులు చేయించారు. యూదుల పౌరసత్వాన్ని లాగేసుకున్న చట్టాలను 1935 సెప్టెంబర్ 15న ఇక్కడి ర్యాలీలోనే ఆమోదించారు. 1938 ఆగస్టులో స్ట్రైఖర్ సమక్షంలో ప్రధాన సినగాగ్‌ను పడగొట్టారు. అదే ఏడాది వియన్నా నుంచి రాజచిహ్నాలను తిరిగి తెప్పించారు. ర్యాలీల సమయంలో ఒపెరా హౌస్‌లో సంగీతకర్త వాగ్నర్ ఈ ఊరి మీదే రాసిన ఒపెరాను ఆడించేవారు. ఇప్పుడు కాంగ్రెస్ హాల్‌కు మారబోతున్నది ఆ ఒపెరా హౌసే. అందుకే నాజీల జ్ఞాపకం ఒకచోట, కళ ఇంకోచోట అని విడదీసే వాదన నాకు ఎక్కదు.

1945 జనవరి 2 రాత్రి బాంబు దాడుల్లో పాత నగరంలో దాదాపు 90 శాతం నేలమట్టమైంది. నవంబర్ 20న నాజీ నాయకులపై విచారణ మొదలైంది. ప్రతీకగా ఉంటుందనే ఊరిని ఎంచుకున్నారని చాలామంది అనుకుంటారు. ప్రధాన కారణం మామూలుదే: కోర్టు భవనం పెద్దది, పెద్దగా దెబ్బతినలేదు, పక్కనే జైలుంది. తీర్పులో 12 మందికి మరణశిక్ష పడింది. వాళ్లలో స్ట్రైఖర్ ఒకడు.

తర్వాత పాత నగరాన్ని పాత వీధుల లెక్కలోనే, ఇసుకరాతి గోడలు, ఏటవాలు కప్పులతో తిరిగి కట్టుకున్నారు. కాంగ్రెస్ హాల్ కూడా ఉన్న నాజీల ర్యాలీ మైదానాన్ని మాత్రం ఖాళీ స్థలంలా వాడుకున్నారు. అందులోని త్సెపెలిన్ మైదానంలో, ర్యాలీలప్పుడు హిట్లర్ నిలబడ్డ వేదిక ముందు కారు రేసులు పెట్టారు. 1967లో వేదిక పైనున్న స్తంభాల వరుసను పేల్చేశారు. కాంగ్రెస్ హాల్ గోదాము అయింది. 1987లో దాన్ని షాపింగ్ సెంటర్ చేద్దామన్న ప్రతిపాదన కూడా వచ్చింది, వ్యతిరేకత రావడంతో ఆగింది. నాజీ చరిత్రను వివరించే కేంద్రం ఆ హాల్లో తెరుచుకునేసరికి 2001 వచ్చింది. అంటే యుద్ధం ముగిసిన 56 ఏళ్లకు!

త్సెపెలిన్ మైదానంలో మెట్లు, గోడలు ఊడిపోతుంటే కేంద్ర ప్రభుత్వం, బవేరియా రాష్ట్రం, నగరం కలిసి సుమారు 8.5 కోట్ల యూరోలు ఖర్చు పెట్టేందుకు 2019లో ఒప్పుకున్నాయి. కొత్తగా మెరిపించడం కాదు, జనం భయం లేకుండా నడిచేలా నిలబెట్టడమే లక్ష్యమని నగరం చెబుతోంది. కూలనివ్వాలనేవాళ్లు కొందరున్నారు. కూలితే కంచె వేయాలి, అప్పుడు అక్కడేం జరిగిందో దగ్గరకెళ్లి చూసే వీలే పోతుంది. ఈ విషయంలో నేను నగరం వైపే.

ఒపెరా సంగతి అంత తేలిక కాదు. ఆ కట్టడాన్ని ముట్టుకోకూడని గుడిలా చూడటమే తప్పు, వాడుకోవాలి అంటారు అనుకూలురు. లోపలి ఆ పెద్ద ఖాళీయే నాజీల దురాశనీ, దాని ఓటమినీ చూపిస్తుంది, అందులో థియేటర్ కడితే అది కనబడదు అంటారు వ్యతిరేకులు. నా మట్టుకు రెండో వాదనలో బరువు ఎక్కువ. చోటు లేక కాదు కదా, ఆవరణే కావాలనుకున్నారు. థియేటర్ తాత్కాలికమా శాశ్వతమా అన్నది కూడా చిన్న ప్రశ్నేం కాదు. పాత ఒపెరా హౌస్ బాగయ్యాక ఆవరణను మళ్లీ ఖాళీ చేస్తారా లేదా అన్నదే అసలు పేచీ.